నాలుగు వందల పదమూడో కూర

1వ రోజు

హైమావతి గారూ, మా లాయరుగా సాయంత్రం ఫోనులో మీరు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. "నోటీసు అందిన రోజు నుంచి ఏ పూట ఏం చేశారో వరసగా రాసి పెట్టండి వల్లి గారూ, రేపు కోర్టులో పనికొస్తుంది. అనవసరమైన సంగతులు మాత్రం రాయకండి" అన్నారు. మొదటిది చేస్తాను. రెండోది నా వల్ల అయ్యే పని కాదు, ముందే చెబుతున్నాను.

పొద్దున ఆరింటికి నీళ్ళు వదిలారు. పైకప్పు మీది వలలకు నిన్న పొగమంచు సరిగ్గా పట్టలేదట, రెండు బిందెలే వచ్చాయి. తరవాత నూనె గుడ్డ పట్టుకుని మా రికార్డింగు యంత్రాల కొసలకు పేరుకున్న ఉప్పు తుడుస్తూ కూర్చున్నాను. పదిహేడో అంతస్తుకు కూడా ఉప్పుగాలి ఎక్కి వస్తుంది. సముద్రం ఇప్పుడు మేముండే ఈ స్తంభం మేడకు రెండు మైళ్ళే. నా చిన్నప్పుడు ఈ చోటి నుంచి సముద్రం చూడాలంటే అన్నం మూట కట్టుకుని బస్సెక్కాల్సి వచ్చేది.

అప్పుడు ఇంటిగొంతు పలికింది. "వల్లమ్మ గారూ, తోడునీడ సంస్థోళ్ళ కాడ్నించి తమరికి లీగల్ నోటీసొచ్చిందండి. సదవమంటారా?"

చదవమన్నాను. చదివినంతసేపూ నేను నోటీసు వినలేదు, గొంతు విన్నాను. ఆ గొంతు నేనూ, నా భాగస్వామి గరికిన ధర్మయ్యా (నాకు ధర్మన్న) పోగు చేసిందే. మా రేవులంకను సముద్రానికి వదిలేసి ఊరిని ఈ స్తంభాలకు తరలించే ముందు, అక్కడి నాలుగు వందల పన్నెండు మంది మాటలు రికార్డు చేసి ఇచ్చే కాంట్రాక్టు మాకొచ్చింది. సంస్థవాళ్ళు ఆ గొంతులన్నీ కలిపి ఒక్క గొంతు చేసి ప్రతి ఇంటి గోడలోనూ పెట్టారు. కొత్త చోట జనం బెంగపెట్టుకోకూడదని. మంచి ఆలోచనే, కాదనను. "బాధ్యులు" అన్నప్పుడు ఆ "బా" చేపల గంటాలమ్మది. "క్రిమినల్ చర్య" అన్న మాట చివర సాగిన సాగుడు పడవల సూరన్నది. నన్ను జైల్లో పెట్టిస్తామని సూరన్న గొంతు అంతంత మర్యాదగా చెబుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండోసారి చదివించుకుని విషయం విన్నాను. రేవులంక ప్రాజెక్టు సందర్భంగా రికార్డు చేసిన ఏ శబ్దమైనా, ఎంత నిడివిదైనా సంస్థ సొత్తు. అది రహస్యం. అందులో కొంత మేము అక్రమంగా దాచుకున్నాం. పదిహేను రోజుల్లో సంస్థ ప్రతినిధి ఎదుట చెరిపేసి, వాళ్ళిచ్చిన పత్రం నింపి సంతకం పెట్టాలి. లేకపోతే లైసెన్సు రద్దు, క్రిమినల్ కేసు, ఇద్దరికీ.

ధర్మన్నకు ఫోను చేశాను. ఆయనకు ఇప్పుడు కుడి చెవి ఒక్కటే పనిచేస్తోంది, అదీ సగమే. "ఏంటీ? పెళ్ళి పత్రికా?" అన్నాడు. "కాదు, జైలు పత్రిక" అని అరిచాను. పక్క ఇంటివాళ్ళు తలుపు తీసి చూశారు.

2వ రోజు

మీ ఆఫీసుకు వచ్చాం. నిన్న రాసింది చదివి, గొంతుల పక్కన మనుషుల పేర్లు రాయొద్దని మీరు మందలించారు. సరే, మానేస్తాను. గంటాలమ్మ ఏమీ అనుకోదు, పోయి మూడేళ్ళయింది.

"అసలు మీరు దాచుకున్నవి ఏమిటి?" అని అడిగారు. అక్కడ ధర్మన్నా నేనూ ఒకళ్ళ మాట మీద ఒకళ్ళం పడి గందరగోళం చేశాం కాబట్టి, ఇక్కడ తిన్నగా రాస్తున్నాను.

మనిషి ముందు మైకు పెట్టి, యంత్రాన్ని ఆ గొంతుకు తగ్గట్టు సరిచేయాలి. దాన్నే మేము లెవెలు చూడటం అంటాం. అందుకోసం కాసేపు వాళ్ళు ఏదో ఒకటి మాట్లాడాలి. ఒకటీ రెండూ మూడూ అనమంటే బడిలో అప్పజెప్పినట్టు బిగుసుకుపోతారు. పేరు చెప్పమంటే పోలీసుల ముందు నిలబడ్డట్టు మాట్లాడతారు. అందుకని నేను పని మొదలుపెట్టిన రోజు నుంచీ ఒకటే ప్రశ్న అడుగుతాను. "ఏం కూర?" అంతే. ఇక మనిషి తన గొంతులోకి తాను వచ్చేస్తాడు. కూర గురించి అబద్ధపు గొంతుతో మాట్లాడే తెలుగువాణ్ణి నేను చూడలేదు.

ఆ నలభై సెకన్లు సంస్థకు ఇవ్వలేదు. వాళ్ళు అడిగిన ముప్ఫై ప్రశ్నల జాబితాలో కూర లేదు. వాళ్ళు అడిగినవి వాళ్ళకిచ్చేశాం. ఈ లెవెలు ముక్కలు మాత్రం, మళ్ళీ ఎప్పుడైనా సరిచేయాల్సి వస్తుందేమోనని మా దగ్గరే ఉంచుకోవడం మా పనిలో రివాజు. పని అయిపోయి ఆరేళ్ళయింది, పారేయలేదు. పారేయబుద్ధి కాలేదు. ఆ డిస్కులన్నీ స్టీలు డబ్బాల్లో, చెమ్మ పట్టకుండా పక్కన బియ్యం మూట పెట్టి దాచాం.

"మరి సంస్థకు ఎలా తెలిసింది?" అన్నారు మీరు.

తప్పు నాదే. కిందటి నెల సూరన్న పెద్దకర్మకు వెళ్ళాను (ఈ పేరు రాయొచ్చు, ఊరంతా తెలిసిన సంగతి). అతని కూతురు ఏడ్చి ఏడ్చి, "ఇంటిగొంతులో నాన్న గొంతు ఉందంటారు, నాకు ఎక్కడా దొరకట్లేదు పిన్నీ" అంది. నా ప్రాణం ఊరుకోలేదు. డబ్బా తెచ్చి సూరన్న ముక్క వినిపించాను. "ఏం కూరేంటండీ, మా ఆవిడ వంకాయలో ఎండురొయ్యలేసింది. రొయ్యలేసిందో లేదో గానీ వాసనైతే వత్తంది" అన్నాడు సూరన్న. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు, ఆ వెంటనే ఏడ్చారు. ఎవరో ఫోనులో పట్టుకుని పది మందికీ పంపారు. అలా చేరింది సంస్థకు.

మీరు పెన్ను పక్కన పెట్టి, "వల్లి గారూ, వాళ్ళ వైపు కూడా కొంత న్యాయం ఉందండీ. ఆ మనుషులు గొంతు ఇచ్చింది ఇంటిగొంతు కోసం, మీ డబ్బా కోసం కాదు" అన్నారు. నిజమే. నాకు కోపం వచ్చింది గానీ, నిజమే.

4వ రోజు

ఈ రోజు మారిడమ్మ పిన్ని వచ్చింది. ఓలేటి మారిడమ్మ, వయసు డెబ్బై నాలుగు, ఇదే స్తంభంలో ఆరో అంతస్తు. తన పేరు రాయమని ఆమే చెప్పింది. "పెద్దక్షరాల్తో రాయవే" అని కూడా చెప్పింది.

రేవులంకలో చేపల గంప మోసేది. తెల్లారకముందే రేవుకు పోయి, గంప ఖాళీ అయ్యాక పొద్దు వాలినప్పుడు వచ్చేది. సంస్థవాళ్ళు ఊరి జనాభా లెక్క రాసుకోవడానికి మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ ఆమె పాకకు తాళమే ఉంది. "ఎవరూ నివసించడం లేదు" అని రాసుకుని పోయారు. తరలించిన రోజు అందరితో పాటు పడవెక్కింది, ఎవరూ ఆపలేదు. ఇక్కడ ఖాళీగా ఉన్న ఇంట్లో తాత్కాలికం అని పెట్టారు. ఆరేళ్ళుగా తాత్కాలికంగానే ఉంది. ఇప్పుడు ఏ ఇల్లు ఎవరిదో తనిఖీ మొదలైంది.

"రోజూ పొద్దున్నే ఆ గోడ సెప్తందే వల్లీ. 'మారిడమ్మ గారూ, తమరు రేవులంకోరని రుజువు లేదండి, ఇంకా పదిహేడ్రోజులేనండి' అంట. మనూరి యాసలోనే నన్ను మనూరు కాదంటందే. కొట్టాలనిపిత్తంది గానీ గోడనేం కొడతాం?"

కార్డులన్నీ ఉప్పెనలో పోయాయి. ఊరివాళ్ళు సాక్ష్యం చెబుతామన్నారు గానీ, ఇళ్ళు పొందినవాళ్ళ మాట చెల్లదట. ఆ కాలంనాటి రికార్డు ఏదైనా ఉంటేనే తెమ్మన్నారు. లేకపోతే ఆమెను కొండలవతలి శిబిరానికి పంపేస్తారు. అక్కడ ఆమెకు తెలిసిన పురుగు కూడా ఉండదు.

"నువ్వు నన్ను మైకులో అడిగావు కదే. ఉందా అది?"

నాకు గుర్తే లేదు. ఆమే గుర్తు చేసింది. ఆఖరి రోజు పొద్దువాలినప్పుడు మేము సామాను సర్దుకుంటుంటే ఖాళీ గంపతో వచ్చి, "ఊరందర్నీ అడిగి నన్నడగరేంటే, నా నోట్లో ముత్యాలు రాలవా?" అంది. ఆమె పేరు జాబితాలో లేదు. ముప్ఫై ప్రశ్నలు అడగడానికి వెలుతురూ లేదు, ఓపికా లేదు. ఆమె మనసు నొప్పించలేక పాక ముందే మైకు పెట్టి కూర సంగతి ఒక్కటీ అడిగి పంపించేశాను. అంటే ఆమెది లెవెలు ముక్క ఒక్కటే ఉండాలి. మా యంత్రం ప్రతి ముక్కకూ తేదీ, గంట, స్థలం తనంతట తానే వేసుకుంటుంది. అది దొరికితే ఆ రోజు ఆ పాక ముందు ఆమె ఉన్నట్టు రుజువే.

దొరికితే. జాబితాలో లేని ముక్కని ధర్మన్న అప్పుడే చెరిపేసి ఉంటే ఇక చేసేదేమీ లేదు.

5వ రోజు

ఇక్కడ మా తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. ఫైళ్ళకు మనుషుల పేర్లు పెట్టకూడదని కాంట్రాక్టులో షరతు ఉంది. నంబర్లు పెడితే మాకు గుర్తుండదు. అందుకని ధర్మన్న ప్రతి ముక్కకూ వాళ్ళు చెప్పిన కూర పేరు పెట్టాడు. అప్పట్లో ఇద్దరం తెగ మురిసిపోయాం. ఇప్పుడు చూస్తే "వంకాయ" అని అరవై రెండు ఉన్నాయి. "చారు" ముప్ఫై ఎనిమిది. ఒకటి "కూర లేదు, అలిగింది". తేదీ చూడాలంటే ప్రతి ముక్కనీ ఆ పాత యంత్రంలోనే విడివిడిగా తెరవాలి.

"పిన్నీ, ఆ రోజు ఏం కూర వండావు?" అని అడిగాను.

ఆమె కాసేపు కిటికీ వైపు చూసింది. "ఏం వండుతానే. ఆయాల గంప సగం కుళ్ళిపోతే పారబోసొచ్చాను. చింతకాయ పచ్చడి, మెతుకులు."

చింతకాయ పచ్చళ్ళు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదీ విన్నాం, ఆమె లేదు. మిగతా పచ్చళ్ళు, గోంగూర, దోసకాయ, కొరివికారం, అన్నీ కలిపి నలభై ఒకటి విన్నాం. లేదు. ధర్మన్న ముఖం వాడిపోయింది. "నేనే తీసేసుంటాను వల్లీ. జాబితాలో లేందంటే తీసేసే రకాన్ని నేను" అన్నాడు.

మారిడమ్మ పిన్ని లేచింది. లిఫ్టు దగ్గరికి నడుస్తూ, "నువ్వు మాత్రం నా మూలంగా జైలుకెళ్ళకే" అంది.

6వ రోజు

మీకు ఫోను చేశాను. చెరిపేలోపు మేమిద్దరం వినొచ్చా అని అడిగితే, వినొచ్చు గానీ మూడో మనిషికి వినిపించకూడదన్నారు. ఏ ముక్కలో ఏముందో రాయకూడదన్నారు. "కూర పేరు రాయొచ్చా?" అన్నాను. మీరు చాలాసేపు ఆలోచించి, "కూర రహస్యం కాదు" అన్నారు. అది కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమని అడగాలనిపించింది.

డబ్బాలన్నీ దించాం. మొదటి నుంచీ చివరిదాకా వినాలని నిర్ణయం.

8వ రోజు

మూడు రోజుల్లో రెండు వందల డెబ్బై విన్నాం. నలభై సెకన్ల ముక్కే గానీ, ఒక్కొక్కటి విన్నాక తరవాతిదానికి వెళ్ళడానికి మాకు పది నిమిషాలు పడుతోంది. ధర్మన్న మంచి చెవిని స్పీకరుకు ఆనించి వింటాడు. విని, కళ్ళు మూసుకుని, "ఎనకాల పంపు కొడతన్నారు" అంటాడు. నేను మళ్ళీ పెట్టి వింటే నిజంగానే వెనక ఎక్కడో బోరింగు పంపు కొడుతున్న చప్పుడు ఉంటుంది. సగం చెవితో ఎలా విన్నావయ్యా అంటే, "ఇనలేదు, గుర్తొచ్చింది" అన్నాడు.

ఈ ముక్కల్లో కూరే కాదు, ఊరంతా ఉంది. తలుపు గడియ చప్పుడు. రుబ్బురోలు. ఎవరో ఎవర్నో పిలవడం, వాళ్ళు పలక్కపోవడం. మధ్యాహ్నం రెండింటి పడవ మోత. ముప్ఫై ప్రశ్నలు అడిగేటప్పుడు తలుపులు మూయించి, పంపు ఆపించి, కోళ్ళను తోలి శుభ్రంగా రికార్డు చేశాం. ఆ శుభ్రమైనదే ఇంటిగొంతు అయింది. అందుకే కాబోలు, అది ఎంత మన యాసలో మాట్లాడినా దాని వెనక ఊరు ఉండదు. నేను ఎందుకు పారేయలేదో నాకు ఇప్పుడు తెలిసింది. బతుకంతా శుభ్రం చేసి ఇచ్చాను, చెత్త అనుకున్నది నా దగ్గర మిగిలింది. ఆ చెత్త మీద నాకు ఇంత ప్రేమ ఉందని తెలియదు.

నేటి కూరలు రాస్తున్నాను, రహస్యం కాదు కాబట్టి. బీరకాయ పాలు పోసి. మునక్కాడ, టమాటా. గోంగూర, పచ్చిరొయ్యలు. మెత్తళ్ళ వేపుడు. కందా బచ్చలి, ఆవపెట్టి. పనసపొట్టు. ఉల్లిపాయ పులుసు, "అందరికీ చాలదు". ఆనపకాయ, "మళ్ళీ". దొండకాయ. దొండకాయ. దొండకాయ. ఆ వారం పాదులన్నీ కాసినట్టున్నాయి.

10వ రోజు

దొరికింది!

మూడు వందల తొంభై దగ్గర దొరికింది. ఫైలు పేరు చూసి ధర్మన్నా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. "పులస".

రికార్డు చేసింది మాఘమాసంలో. పులస గోదావరికి ఎదురెక్కేది వరద నీళ్ళప్పుడు, శ్రావణం అటూ ఇటూ. మాఘమాసంలో పులస ఎవరి ఇంట్లోనూ ఉండదు. తెరిచాం. ముందు నా గొంతు, విసుగ్గా, "ఏం కూర పిన్నీ?" తరవాత ఆమె గొంతు, గంట కొట్టినట్టు.

"పులసేనే! బెండకాయలేసి, కొత్తావకాయ నూనె పైనేసి, రాత్రంతా అట్టిపెట్టి. ఆయ్. మా ఇంట్లో పులస లేని రోజుంటదేంటే?"

(ఆమె ఒప్పుకున్నాకే ఇది రాశాను.)

చివర తెర మీద యంత్రం వేసిన ముద్ర. తేదీ, సాయంత్రం ఐదూ నలభై, రేవులంక, ఆమె పాక ఉన్న చోటు. ధర్మన్న ఆ ముద్రను వేలితో రెండుసార్లు తడిమాడు.

వెంటనే ఆరో అంతస్తుకు దిగి, "పులస ఎక్కడిదే పిన్నీ?" అని దబాయించాను. ముసలిది సిగ్గుపడిపోయింది. "అందరూ మైకులో ఏవేవో గొప్పగా సెప్పారంట కదే. ఊరు మునిగిపోతంది, ఆఖరికి మిగిలేది మీ డబ్బాలో మాటే అన్నారు. ఆ డబ్బాలో నేను పచ్చడి మెతుకులు తింటా మిగిలిపోవాలేంటే?"

కూర గురించి ఎవరూ అబద్ధపు గొంతుతో మాట్లాడరని రెండో రోజు రాశాను కదా. ఆ గొంతు నిజంగానే ఆమెదే, కూరే అబద్ధం. నలభై ఏళ్ళ పనిలో నాకు ఈ సంగతి తట్టలేదు.

11వ రోజు

మీ ఆఫీసు. మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి.

కోర్టుకెళ్ళి, కూర ప్రశ్న సంస్థ జాబితాలో లేదు కాబట్టి ఈ ముక్కలు మావేనని వాదించొచ్చు. గెలిచే అవకాశం సగం సగం. నాలుగైదేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ డబ్బాలకు సీలు వేస్తారు, మారిడమ్మ ముక్క బయటికి రాదు. ఆమెకు ఉన్నది పది రోజులు. పోనీ ఆ ఒక్క ముక్క తీసుకెళ్ళి తనిఖీవాళ్ళకు వినిపిస్తే, సంస్థ దాన్ని దొంగసొత్తు అంటుంది, చెల్లదు, పైగా మా మీద కేసు గట్టిపడుతుంది.

నేను ఏమీ తోచక, నోటీసుతో వచ్చిన ఆ చెరుపుపత్రం తిరగేస్తూ కూర్చున్నాను. గడులున్నాయి. వరస సంఖ్య. రేవులంక నివాసి పేరు. ఇంటి స్థలం. రికార్డు చేసిన తేదీ. కింద "పై నివాసుల రికార్డులు సంస్థవేనని ధ్రువీకరించి స్వీకరించడమైనది" అని సంస్థ ప్రతినిధి సంతకానికి చోటు. ఒక నకలు మాకు.

మీకు చూపించాను. మీరు చదివి, మళ్ళీ చదివి, నెమ్మదిగా, "ఇందులో నాలుగు వందల పదమూడో వరస మారిడమ్మ గారిదైతే, ఆమె రేవులంక నివాసి అని సంస్థే సంతకం పెట్టినట్టు" అన్నారు. తరవాత ఇంకొకటి కూడా అన్నారు. "కానీ అప్పుడు ముక్కలన్నీ మీవి కావని మీరు ఒప్పుకున్నట్టే. అన్నీ ఇచ్చేయాలి. ఒక్కటి కూడా మిగలదు."

నేను ధర్మన్న వైపు చూడలేకపోయాను. ఆ చెవి ఇంకో ఏడాదికి పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. ఈ ఐదు రోజులూ ఆ మనిషి స్పీకరుకు చెంప ఆనించి ఎలా కూర్చున్నాడో నేను చూశాను. నా సంగతి మాత్రం ఏమిటి? నేను ఊరు ఎలా ఉండేదని ఎవరికైనా చెప్పాలంటే నా దగ్గర ఇంకేముంది? ఇవ్వనని అరవాలనిపించింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఒక్క క్షణం ఆ ముసలిది అసలు రాకపోయి ఉంటే బాగుండేదనిపించింది.

మాట్లాడింది ధర్మన్నే. మేమనేది ఆయనకు సగమే వినిపించి ఉంటుంది.

"వల్లీ, ఆవిడ గొంతు ఆవిడ దగ్గరే ఉంది కదా ఇంకా. ఇల్లే లేదు."

నేను పత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాను, ఇంటికెళ్ళి నింపడానికి.

14వ రోజు

సంస్థ తరఫున ప్రద్యుమ్న అనే లీగల్ ఆఫీసరు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, మర్యాదస్థుడు. ఈ ప్రాంతం వాడు కాదు, అచ్చు పుస్తకంలా మాట్లాడతాడు. చెరిపే పెట్టె వెంట తెచ్చాడు. మీరు నా పక్కనే కూర్చున్నారు కాబట్టి మీరూ చూశారు, అయినా రాస్తున్నాను.

పత్రం నేను రెండు రోజులు కూర్చుని చేత్తో నింపాను. ఒక్కో కూర చూసి పేరు రాయడమే. ఒక్కచోట కూడా తడబడలేదు. అరవై రెండు వంకాయలూ ఎవరెవరివో నాకు తెలుసు.

అతను చివరి పేజీకి వచ్చి ఆగాడు. "మేడమ్, మా రికార్డుల ప్రకారం నాలుగు వందల పన్నెండు మంది. ఇక్కడ నాలుగు వందల పదమూడు ఉన్నాయి."

గొంతు మామూలుగానే పెట్టాను, అది నా వృత్తి.

"అవును బాబూ. ఆ రోజు ఆ ఊళ్ళో, ఆ యంత్రంతోనే రికార్డు చేశాం. ఏ శబ్దమైనా, ఎంత నిడివిదైనా మీదేనని నోటీసులో రాశారు కదా? ఇది మీది కాదంటే చెప్పండి, ఈ వరస కొట్టేస్తాను. ఈ డిస్కు నా దగ్గరే ఉంచుకుంటాను."

అతను లేచి వరండాలోకి వెళ్ళి ఫోను చేశాడు. ధర్మన్న నా వైపు వంగి, "ఏమంటన్నాడు?" అన్నాడు. "ఉండవయ్యా" అన్నాను. మీరు ఫైలు మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

తిరిగి వచ్చి కూర్చున్నాడు. "ఒక్కటి కూడా బయట మిగలకూడదని మా పైవాళ్ళు అంటున్నారు. అన్నీ సంస్థవే." నాలుగు వందల పదమూడో వరస పక్కన పొట్టి సంతకం, అడుగున పెద్ద సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. నకలు నా చేతికిచ్చాడు.

అతను చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చాను.

తరవాత డిస్కులు ఒక్కొక్కటీ పెట్టెలో పెట్టాం. ఒక్కోదానికి ఎర్రదీపం వెలిగి ఆరి, పచ్చదీపం వస్తుంది. చప్పుడు ఏమీ రాలేదు. ఇన్ని చప్పుళ్ళు పోతుంటే ఏదో ఒక చప్పుడు వస్తుందనుకున్నాను. ఆఖరి డిస్కు ధర్మన్న తన చేత్తో పెట్టాడు. పచ్చదీపం వచ్చాక కూడా ఆ పెట్టెకు చెవి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. ప్రద్యుమ్న తల పక్కకు తిప్పుకున్నాడు.

15వ రోజు

గడువు పూర్తి. మా మీద కేసు లేదని మీరు ఫోను చేశారు. మారిడమ్మ తరఫున నకలు జత చేసి తనిఖీ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చానని కూడా చెప్పారు. చాలా థాంక్స్ అండీ.

పొద్దున మూడు బిందెలు నీళ్ళొచ్చాయి. ఖాళీ స్టీలు డబ్బాలు కడిగి ఎండబెట్టాను. బియ్యం వండేశాను. ఆరేళ్ళ నాటి బియ్యం, ముక్క వాసన కొట్టింది. అయినా తిన్నాను.

మధ్యాహ్నం ధర్మన్న వచ్చాడు. చేసే పనేమీ లేదు. ఆయనే మొదలుపెట్టాడు. "బీరకాయ పాలు పోసి" అన్నాడు. నేను పేరు చెప్పాను. "మెత్తళ్ళ వేపుడు" అన్నాడు. చెప్పాను. అలా సాయంత్రం దాకా. నూట ముప్ఫై దాకా వచ్చాం, నాలుగు కూరల దగ్గర తడబడ్డాం. ఎవరి దొండకాయ ముందో, ఎవరిది తరవాతో తేలక పోట్లాడుకున్నాం కూడా.

22వ రోజు

మీరు ఇక రాయక్కర్లేదన్నారు. ఈ ఒక్కటీ రాసి ఆపేస్తాను.

మధ్యాహ్నం కొత్త పనికి పాత యంత్రం సర్దుకుని లిఫ్టులో దిగుతుంటే, ఆరో అంతస్తులో ఆపబుద్ధయింది. మారిడమ్మ పిన్ని ఇంటి తలుపు బార్లా తీసే ఉంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంటిగొంతు పలికింది. "మారిడమ్మ గారూ, తమరింటికి వల్లమ్మ గారొచ్చారండి." తమరింటికి! నిన్ననే మార్చారట. ఆమె రెండు నిమిషాలకొకసారి నన్ను బయటికి పంపి మళ్ళీ లోపలికి రమ్మంది. ఆ మాట మూడుసార్లు అనిపించుకుంది.

"ఇంక చాలు, కాళ్ళు పీకుతున్నాయి పిన్నీ" అని చతికిలబడ్డాను.

పొయ్యి మీద ఏదో గిన్నె మూత పెట్టి ఉంది. భుజాన యంత్రం ఉంది కాబట్టి చెయ్యి తనంతట తానే మీట మీదికి పోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, యంత్రం దించి గోడవారగా పెట్టాను.

"ఏం కూర పిన్నీ?" అన్నాను.

ఆమె గిన్నె మీద మూత తీయలేదు. దాచలేదు కూడా. నా వైపు తిన్నగా చూసింది.

"ఏం లేదే. చింతకాయ పచ్చడి, మెతుకులు. కాళ్ళు కడుక్కునిరా, తిందువుగాని."